నాలుగింటికి ఎర్రమట్ల గేట్లు

ఉదయం ఎనిమిదీ నలభైకి లింగంపల్లి వైపు వెళ్ళే ఎంఎంటీఎస్ రైలు బోరబండ స్టేషన్ దాటింది. హైటెక్ సిటీ స్టేషన్‌లో ఆగేసరికి రెండో పెట్టె తలుపు దగ్గర నిలబడ్డ మనిషి లేడు. ఆయన గొడుగు మాత్రం కమ్మీకి వేలాడుతోంది.

చనిపోయినాయన పేరు సోమేశ్వరరావు. ముప్పై ఏళ్ళు కాలేజీలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి సలహాదారుగా చేరాడు. రైల్వే పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. గూఢచారి బ్యూరో చీఫ్ విశ్వేశ్వరరావు ఆ మాట నమ్మలేదు. పడిపోవడానికి రెండు నిమిషాల ముందు సోమేశ్వరరావు ఫోన్ నుంచి ఒక మెసేజ్ వెళ్ళింది.

"రెండూ సరిగ్గానే ఉన్నాయి. మధ్యలో చూడు."

ఆ మెసేజ్ అందుకున్నది ఆయన పాత శిష్యురాలు కళ్యాణి. బోరబండలో పెరిగిన పిల్ల. తల్లిదండ్రులు ఇటుకలు మోసి చదివించారు. ఆమె బ్యూరోలో ఏజెంటని సోమేశ్వరరావు ఒక్కడికే తెలుసు.

కొండాపూర్ రోడ్డు పక్కన ఆపిన కారులో చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ఆయన రాసిన సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందమ్మా? నాకు అర్థమయ్యేలా చెప్పు."

"నీళ్ళ సాల్వర్ సార్, నీళ్ళ లెక్కలు కట్టే ప్రోగ్రాం. చెరువులో నీరు స్వేచ్ఛగా కదులుతుంది. దానికి ఒక సమీకరణం. అదే నీరు కట్ట మట్టిలోకి ఇంకితే సందుల్లోంచి నెమ్మదిగా పాకుతుంది. దానికి ఇంకో సమీకరణం. రెంటినీ విడివిడిగా లెక్కగట్టి, నీరూ మట్టీ కలిసే అంచు దగ్గర దీని జవాబు దానికీ, దాని జవాబు దీనికీ అందిస్తూ పోవాలి. జవాబులు మారడం మానేసేదాకా."

"మానేస్తే?"

"కన్వర్జెన్స్ అంటారు సార్. మానకపోతే ఉద్యోగం అంటారు."

చీఫ్ నవ్వలేదు. "ఒక విదేశీ ముఠా ఉంది. మన ఫైల్లో దాని పేరు తేలు. ఆ సాల్వర్‌లో ఏదో మార్చేశారు. ఏది మార్చారో, ఎందుకు మార్చారో నాకు కావాలి. హౌస్‌కీపింగ్ పనిమనిషిగా వెళ్తావు. లోపల మన మనిషి ఒకామె ఉంది. కోడ్ నేమ్ నెమలి. 'లిఫ్ట్ ఎక్కడ ఆగింది?' అని అడుగుతుంది. నువ్వు 'ఇంకా తడి ఆరలేదు మేడమ్' అనాలి."

"దహనానికి వెళ్ళిరావచ్చా సార్?"

"వద్దమ్మా. వాళ్ళు చూస్తుంటారు."

కళ్యాణి కారు దిగి, రోడ్డు దాటి, బస్సు ఎక్కింది.

* * *

పన్నెండు రోజులు గడిచాయి. పన్నెండు రోజులూ గోడకు తల కొట్టుకున్నట్టే ఉంది.

నీలం యూనిఫాం వేసుకుని, పోచా కర్ర పట్టుకుని ఆమె అంతస్తులు తుడిచింది. ఫినాయిల్ డబ్బా అడుగున బ్యూరో అమర్చిన పరికరం ఉంది. దాని వైరు కంప్యూటర్‌కు తగిలిస్తే నాలుగు నిమిషాల్లో ఫైళ్ళన్నీ కాపీ అయిపోతాయి. పరికరం బాగానే పనిచేసింది. దొరికిందాంట్లోనే ఏమీ లేదు.

నీటి జట్టు నాలుగో అంతస్తులో, మట్టి జట్టు ఏడో అంతస్తులో పనిచేస్తాయి. నీటి జట్టులో ఎక్కువమంది కోస్తా జిల్లాల వాళ్ళు, మట్టి జట్టులో ఎక్కువమంది తెలంగాణ వాళ్ళు. ఎవరూ కావాలని చేసింది కాదు, అలా కుదిరింది. తెలంగాణ ఉద్యమం ముదిరాక రెండు జట్లూ ముందు కలిసి టీ తాగడం మానేశాయి. ఆ తర్వాత మీటింగులు మానేశాయి. ఇప్పుడు ఈమెయిళ్ళు మాత్రం నడుస్తున్నాయి, చాలా మర్యాదగా.

కళ్యాణి నీటి కోడ్ నడిపి చూసింది. సరిగ్గా ఉంది. మట్టి కోడ్ నడిపింది. అదీ సరిగ్గా ఉంది.

"రెండూ సరిగ్గానే ఉన్నాయి సార్," అంది ఫోన్‌లో.

"అది చనిపోయినాయన ముందే చెప్పాడు కదమ్మా."

మధ్యలో చూడమన్నాడని నాలుగుకూ ఏడుకూ మధ్య ఉన్న ఐదు, ఆరు అంతస్తులు నాలుగు రోజులు తుడిచింది. అక్కడ ఉన్నది ఇన్సూరెన్స్ ఆఫీసు. పదకొండు పెన్నులూ ఒక దువ్వెనా దొరికాయి.

ఇవి చాలవన్నట్టు జోడీగా లచ్చమ్మ దొరికింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి. చేతులు ఎంత చురుకో నోరూ అంతే చురుకు.

"మా ఐలయ్య ఉన్నడు సూడు పిల్లా, మా తమ్ముడు. వాడిది నీళ్ళకాడ నౌకరి. లష్కరు అంటరు. గేట్లెత్తాలె, దించాలె. అంతే పని. మా నాయిన గూడ గదే చేసిండు. నేనేమో గీడ బాత్రూములు కడుగుత."

"ఊఁ," అనేది కళ్యాణి. ఆమె బుర్రలో సమీకరణాలు తిరుగుతుండేవి. ఐలయ్య పెళ్ళి, ఐలయ్య బర్రె, ఐలయ్యకు కుదరని అత్తగారు, ఏదీ చెవికెక్కలేదు.

నెమలి అసలు పేరు వాసంతి. ప్రాజెక్టు మేనేజరు. ఆమె నడిచొస్తే సెంటు వాసన ముందొచ్చేది, మడమల చప్పుడు వెనకొచ్చేది. ఎర్రటి లిప్‌స్టిక్ ఎప్పుడూ చేతిలోనే ఉండేది. బ్యూరోకు మూడేళ్ళుగా కబుర్లు పంపుతున్న మనిషి. వాష్‌రూంలో అద్దం ముందు నిలబడి, "లిఫ్ట్ ఎక్కడ ఆగింది?" అనేది.

"ఇంకా తడి ఆరలేదు మేడమ్."

"నా దగ్గరేం లేదమ్మాయ్. ఇంకో వారం చూడు."

ఇంకో వారం. ప్రతిసారీ అదే మాట.

* * *

పన్నెండో రోజు జూన్ నెల ఆదివారం. ఊరంతా వంటా వార్పు. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని తిని, రాష్ట్రం కోసం నిరసన తెలుపుతామని ఉద్యమకారులు పిలుపిచ్చారు. మధ్యాహ్నానికల్లా తాళం వేస్తామని ఆఫీసువాళ్ళు చెప్పారు.

అంతస్తులు ఖాళీగా ఉన్నాయి. వాసంతి గది తుడుస్తూ కళ్యాణి ఒక్క క్షణం ఆగింది. నీటి కోడ్ ఒక జట్టుది. మట్టి కోడ్ ఇంకో జట్టుది. మరి రెంటినీ కలిపే ఇంటర్‌ఫేస్ ఫైల్ ఎవరిది?

ఎవరిదీ కాదు. నాలుగో అంతస్తు వాళ్ళు అది పైవాళ్ళు చూసుకుంటారనుకున్నారు. పైవాళ్ళు కిందివాళ్ళు చూశారనుకున్నారు. మునుపైతే టీ దగ్గర ఎవరో ఒకరు అడిగేవారు. ఇప్పుడు టీ లేదు.

వాసంతి కంప్యూటర్ దగ్గర ఫినాయిల్ డబ్బా పని కానిచ్చింది. స్టోర్ రూంలో బకెట్ బోర్లించి, దానిమీద ల్యాప్‌టాప్ పెట్టి ఆమె ఆ ఫైల్ తెరిచింది. మట్టిలోంచి నీరు ఎంత వేగంగా బయటికి రాగలదో చెప్పే సంఖ్య అందులో ఒకటుంది. అది ఉండాల్సినదానికి వెయ్యి రెట్లు ఉంది. చివరిసారి మార్చింది వాసంతి లాగిన్.

టెస్ట్ నడిపింది. తెరమీద వానలొచ్చాయి, జలాశయం నిండింది. తప్పు సంఖ్యతో కట్ట క్షేమం. సరైన సంఖ్య పెట్టి మళ్ళీ నడిపింది. అప్పుడూ కట్ట క్షేమం.

చీఫ్‌కు ఫోన్ చేసింది. అటునుంచి సన్నాయి వినబడింది. ఆయన విజయవాడలో ఎవరిదో పెళ్ళిలో ఉన్నాడు.

"తేడా రాకపోతే అది నేరమెలా అవుతుందమ్మా? వేలు జారి మూడు సున్నాలు పడి ఉంటాయి."

"మార్చింది నెమలి సార్."

"నెమలి మన మనిషి. మన పనిమీదే చేసి ఉంటుంది. ఆమెను ముట్టుకోకు. ఇక ఉంటానమ్మా, తలంబ్రాలు."

కళ్యాణి బకెట్‌ను కాలితో తన్నింది. బకెట్ దొర్లుకుంటూ వెళ్ళి గోడకు తగిలి ఆగింది.

* * *

బస్సులు లేవు, ఆటోలు లేవు. లచ్చమ్మ వెంట నడిచి కొత్తగూడ చౌరస్తాకు చేరేసరికి రెండు దాటింది. రోడ్డు మధ్యలో వరసగా పొయ్యిలు, పొగ, పాటలు, జై తెలంగాణ నినాదాలు. కదలలేక ఆగిపోయిన కార్ల అద్దాల్లోంచి కొందరు చిరాగ్గా, కొందరు ఆకలిగా చూస్తున్నారు.

లచ్చమ్మ ఒక పెద్ద గుండిగ బాధ్యత తీసుకుంది. మూడున్నర కావస్తుండగా అన్నం ఉడికింది.

"ఏంది పిల్లా గట్ల నిలబడ్డవు? ఇటు రా, ఓ చెయ్యెయ్యి. గంజి వార్చాలె. మూత ఒత్తిపట్టి మెల్లగ వంచు. జర మెల్లగ!"

కళ్యాణికి మెల్లగా చేసే ఓపిక పన్నెండు రోజుల కిందటే అయిపోయింది. గుడ్డతో అంచులు పట్టుకుని ఒక్క ఊపులో వంచేసింది. గంజి భళ్ళున పోయింది. మరుక్షణం మూత జారింది, లోపలి తెల్లటి ముద్ద సగం విరిగి, జారి రోడ్డుమీద పడింది.

"ఓయమ్మో! నీకు వంట నేర్పినోళ్ళెవలే?" లచ్చమ్మ గరిటె ఎత్తింది. "ఉడికేటప్పుడు అందరు చూస్తరు. చూడాల్సింది వార్చేటప్పుడు!"

కళ్యాణి కదల్లేదు. రోడ్డుమీద ఆవిర్లు కక్కుతున్న అన్నాన్నే చూస్తోంది.

గుండిగ నిండా నీళ్ళున్నంతసేపు ముద్ద కదల్లేదు. పైనున్న నీళ్ళు ఒక్కసారిగా పోయాయి. మెతుకుల సందుల్లోని నీళ్ళకు మాత్రం బయటికి రావడానికి వ్యవధి చాల్లేదు. ఆనుకుని నిలబెట్టిన నీరు పోయింది, లోపలి నీరు పోలేదు. బరువుకు ముద్ద జారిపోయింది.

మట్టికట్టా అంతే. ఏళ్ళ తరబడి నీరు తాగిన కట్ట పక్కనుంచి నీటిని ఒక్క రాత్రిలో తీసేస్తే తడిసిన మట్టి లోపలికి జారుతుంది. అప్పటికి మిగిలిన నీరంతా ఆ గండిలోంచి ఊళ్ళమీదికి పోతుంది. ఫైల్లోని వెయ్యి రెట్ల సంఖ్య చెప్పే అబద్ధం ఒక్కటే: చెరువు ఎంత త్వరగా దించినా మట్టిలో నీరూ అంతే త్వరగా దిగిపోతుంది, భయం లేదని.

జూన్ నెల కాబట్టి అందరూ నింపడమే చూశారు. తనూ అంతే. ఖాళీ చేసి ఎవరూ చూడలేదు.

ఎవరో ఒక జలాశయాన్ని ఖాళీ చేయబోతున్నారు. ఏది? ఎప్పుడు?

తల ఎత్తింది. ఆగిపోయిన కార్లలో ముప్పై అడుగుల దూరాన ఒక తెల్లకారు. వెనక సీట్లో రెండు సూట్‌కేసులు. స్టీరింగ్ ముందు వాసంతి.

* * *

కళ్యాణి ముందు తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంది.

"లిఫ్ట్ ఎక్కడ ఆగింది మేడమ్?"

వాసంతి లిప్‌స్టిక్ మూత తీసింది. అందులో ఉన్నది రంగు కాదు, సన్నటి తుపాకీ గొట్టం.

"దిగు కళ్యాణీ."

"అందులో ఒక్క గుండే పడుతుంది. బయట రెండువేల మంది ఉన్నారు. మీ కారు సాయంత్రం దాకా కదలదు. ఎంతిచ్చారు వాళ్ళు?"

"నీకెందుకు? ఒక కంపెనీకి టెండర్ పోతుంది, ఇంకో కంపెనీకి వస్తుంది. అంతేనన్నారు. మనుషులకేం కాదన్నారు."

"సోమేశ్వరరావు గారు మనిషి కాదా?"

వాసంతి లిప్‌స్టిక్ గొట్టాన్ని కాస్త దించింది. "ఊరికే భయపెడతామన్నారు. ఏ రైలెక్కుతారని అడిగారు. చెప్పాను. అంతే చెప్పాను."

కళ్యాణి ఆ మాటను విని, పక్కన పెట్టింది. దానికి తర్వాత ఎంత సమయమైనా ఉంటుంది.

"అటు చూడండి. రోడ్డుమీద ఆ అన్నం. ఇందాక నేనే పారబోశాను. నీళ్ళు ఒక్కసారి వంచేస్తే తడి ముద్ద నిలబడలేదు. మీరు మార్చిన సంఖ్య చేయించేది ఇదే, ఒక కట్టతో. ఆ కట్ట కింద ఎన్ని ఊళ్ళున్నాయి మేడమ్?"

వాసంతి అద్దంలోంచి చూసింది. ఆమె కూడా లెక్కలు చదివిన మనిషే. ముఖంలో రంగు నెమ్మదిగా దిగిపోయింది. లిప్‌స్టిక్ ఒళ్ళో పడింది.

"పదకొండు," అంది. "ఎర్రమట్ల జలాశయం. గేట్ల రిపేరు కోసం వానలకు ముందే ఖాళీ చేయాలి. వారాల తరబడి దించాల్సింది ఒక్క రాత్రిలో దించొచ్చని మన సాల్వర్ చెప్పింది. నాలుగింటికి గేట్లు రిమోట్‌లో లేస్తాయి. లేచాక లాక్ పడుతుంది, ఇక దిగవు."

"ఈరోజే ఎందుకు?"

"ఈరోజైతే కట్ట ఎవరు తెంపారని ఎవరూ విచారించరన్నారు. ఇటువాళ్ళు అటువాళ్ళనంటారు, అటువాళ్ళు ఇటువాళ్ళనంటారు. ఊరు దానంతటదే తగలబడుతుందన్నారు. నాకు ఆ మాట ఇప్పుడర్థమైంది."

"ఆపేదెలా?"

"ఆఫీసు సర్వర్ నుంచే. దానికి తాళం వేశారుగా."

మూడూ నలభై తొమ్మిది. కళ్యాణి చీఫ్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. బ్యూరో ఇచ్చిన చెవికమ్మలో ట్రాన్స్‌మిటర్ ఉంది, రెండు కిలోమీటర్లు పనిచేస్తుంది. విజయవాడ రెండొందల డెబ్భై. పోలీసు కంట్రోల్ రూంకు చేసింది. ఈ మార్గంలోని లైన్లన్నీ బిజీగా ఉన్నాయని ఒక గొంతు ఎంతో ప్రేమగా చెప్పింది.

అద్దం మీద గరిటెతో టకటకా కొట్టిన చప్పుడు.

"ఏందే! అన్నం నేలపాలు జేసి కార్ల కూసున్నవా? దిగు!"

కళ్యాణి అద్దం దించింది. "అక్కా, ఎర్రమట్ల ఎంత దూరం? ఎవరన్నా ఎరుకా నీకు ఆడ?"

లచ్చమ్మ గరిటె అలాగే గాల్లో ఆగిపోయింది.

"ఎర్రమట్లల్ల ఎవలన్న ఎరుకనా? మా ఐలయ్య ఉండేది ఏడ మరి? పన్నెండు దినాల సంది చెవుల ఇల్లు గట్టుకొని చెప్తున్న, ఇన్నవా?"

* * *

గేట్లు లేవకుండా ఆపాలని కళ్యాణి రెండు ముక్కల్లో చెప్పింది. లచ్చమ్మ పాత ఫోన్‌లో ఐలయ్య ఏడో రింగుకు పలికాడు. స్పీకర్లో వెనక డప్పులు.

"ఏందక్కా? ఈడ కట్టమీద మాది గూడ వంటా వార్పే. పప్పు పొయ్యిమీదున్నది, జల్ది చెప్పు."

"ఒరేయ్, గేట్ల మోటరు ఫ్యూజు పీకు. ఇప్పుడే."

"ఆర్డరు లేంది ఎట్ల పీకుత? నౌకరి పోతది."

"నౌకరి పోతే పోనియ్యి, నువ్వే పోతవ్! కట్టమీదనే కూసున్నవ్ గద!"

"గిట్లని ఎవలు చెప్పిన్రు?"

"నాతోని పోచా గొట్టే పిల్ల."

"పోచా గొట్టే పిల్లకు గేట్ల సంగతి ఏం ఎరుకనే?"

మూడూ యాభై ఆరు. కళ్యాణి ఫోన్ లాక్కుంది. ఇంటర్‌ఫేస్, బౌండరీ కండిషన్, పోర్ ప్రెషర్, అన్ని మాటలూ నోటిదాకా వచ్చాయి. అన్నింటినీ మింగేసింది.

"అన్నా, గంజి వార్చేటప్పుడు గుండిగ ఒక్కసారి వంచితే ఏమైతది?"

"ఏమైతది? అన్నం జారుతది."

"కట్ట గూడ గంతే. తడి కట్ట. నాలుగింటికి నీళ్ళన్నీ ఒక్కసారే వంచుతున్నరు."

డప్పుల చప్పుడులో ఐలయ్య గొంతు చిన్నగా వినబడింది.

"మా నాయిన గిదే అనేటోడు. నీళ్ళు దించితే రోజుకు మూరెడే దించాలె, కట్టకు ఊపిరి తీసుకోనియ్యాలె అని. మొన్న ఇంజినీరు సార్లకు చెప్పిన. కంప్యూటర్ చెప్పింది, నువ్వు నోర్ముయ్యన్నరు."

"కంప్యూటర్ తప్పు చెప్పింది అన్నా. మీ నాయిన చెప్పిందే నిజం."

"ఓ పెంటన్నా, జర పప్పు చూడు!" అని ఐలయ్య ఎవరినో కేకేశాడు. ఆ తర్వాత చెప్పుల చప్పుడు, రొప్పు. కట్ట పొడవెంతో కళ్యాణికి తెలియదు. వాసంతి రెండు చేతుల్తో స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. లచ్చమ్మ గరిటె పట్టుకునే దండం పెట్టుకుంది.

మూడూ యాభై తొమ్మిది. ఫోన్‌లో సైరన్ మొదలైంది. గేట్లు లేవబోయే ముందు ఒక నిమిషం కూసే సైరన్ అది. ఇనుప తలుపు కీచుమంది. ఏదో విరిగింది. ఐలయ్య ఒక బూతు తిట్టాడు.

సైరన్ ఆగిపోయింది.

కళ్యాణి గడియారం చూసింది. నాలుగింటికి ఇంకా ఏడు సెకన్లున్నాయి. ఏడూ గడిచాయి. ఇంకో పది గడిచాయి.

"పీకిన," అన్నాడు ఐలయ్య. "గేట్లు లేవలే. ఇగ మా పప్పు మాత్రం మాడింది అక్కా."

* * *

ట్రాఫిక్ పోలీసులొచ్చేదాకా వాసంతి కారు దిగలేదు. పారిపోవడానికి దారి ఎలాగూ లేదు. ఆమె ఎవరో తెలియని లచ్చమ్మ, ముఖం వాడిపోయిందని విస్తరిలో అన్నం పెట్టి ఇచ్చింది. వాసంతి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మెతుకూ చూస్తూ కూర్చుంది.

నాలుగూ ఇరవైకి చీఫ్ ఫోన్ చేశాడు.

"పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయేమ్మా! అంతా కులాసాయేనా?"

కళ్యాణి చెప్పింది. చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

"నెమలి విషయంలో పొరపడ్డానమ్మా. ఇంతకీ ఏ పరికరంతో కనుక్కున్నావ్?"

"అన్నం గుండిగ సార్."

"రిపోర్టులో అలా రాయకు."

ఫోన్ పెట్టేసి, ఆమె పేవ్‌మెంట్ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఇంటర్‌ఫేస్ ఫైల్లో మూడు సున్నాలు తీసేసింది. ఈసారి జలాశయాన్ని నింపలేదు, ఖాళీ చేసింది. నీటి వైపు జవాబు మట్టికి, మట్టి వైపు జవాబు నీటికి. ఎనిమిదో విడత లెక్కలో అంకెలు మారడం మానేశాయి. కట్ట జారకుండా రోజుకు ఎంత దించొచ్చో తెరమీద పడింది: నలభై ఆరు సెంటీమీటర్లు.

మూరెడు.

ఆమె వేళ్ళు అలవాటుగా ఫోన్‌లో సోమేశ్వరరావు నంబరు దాకా వెళ్ళాయి. ఇలాంటి జవాబు వచ్చినప్పుడు ముందు ఆయనకే చెప్పేది. కాసేపు ఆ పేరును చూసి, ఫోన్ పక్కన పెట్టింది.

"ఓ పిల్లా!" లచ్చమ్మ గొంతు చౌరస్తా అవతలికి కూడా వినబడింది. "అన్నం పారబోసినోళ్ళే గుండిగలు తోమాలె. మూడున్నయ్. లెవ్వు!"

మారువేషం ఎప్పుడు తీసేయాలో బ్యూరో నియమాల పుస్తకంలో పదిహేడో పేజీలో ఉంది. గుండిగలు తోమాక తీసేయాలా, తోమకముందే తీసేయొచ్చా అన్నది మాత్రం రాయలేదు. కళ్యాణి ల్యాప్‌టాప్ మూసి, యూనిఫాం చేతులు పైకి మడుచుకుంది.